ఫ్రిజ్ సెన్సర్ నిజంగా పోయిందా? మీటరు అంకె వెనకున్న లెక్క

ఏప్రిల్ వచ్చిందంటే మహారాష్ట్రలోని సిరొంచ నుంచి బల్లార్షా దాకా ఫ్రిజ్ మెకానిక్‌లకు ఊపిరాడదు. వచ్చే ఫిర్యాదులు మూడే: పాలు విరుగుతున్నాయి, టమాటాలు గడ్డకడుతున్నాయి, కంప్రెసర్ ఆగడం లేదు. వినిపించే జవాబులూ మూడే: గ్యాస్ అయిపోయింది, సెన్సర్ పోయింది, కార్డు (ఫ్రిజ్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు) పోయింది. చిక్కేమిటంటే ఒకే ఫ్రిజ్‌ను ముగ్గురికి చూపిస్తే ఈ మూడు జవాబులూ రావచ్చు. సిరొంచ, అహేరి వైపు వాళ్లకు విడిభాగం కావాలంటే ఒక దిక్కు చంద్రపూర్, మరో దిక్కు ప్రాణహిత దాటి మంచిర్యాల. తప్పుడు భాగం తెచ్చుకుంటే డబ్బుతోపాటు ఒక రోజంతా పోతుంది.

ఈ మూడింటిలో అందరూ తేలిగ్గా అనేసేది సెన్సర్ మాట. నిజానికి అన్నిటికన్నా తేలిగ్గా రుజువు చేయగలిగేది కూడా అదే. కాకపోతే మల్టీమీటరులో కనిపించే అంకెకు దానంతట దానికి అర్థం లేదు. ఆ అంకె ఏ వేడి దగ్గర తీసిందో తెలిస్తేనే అర్థం.

సెన్సర్ వేరు, థర్మోస్టాట్ వేరు

పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో గుండ్రంగా తిప్పే నాబ్ వెనక ఉండేది థర్మోస్టాట్. దాన్నుంచి సన్నటి గొట్టం ఒకటి ఫ్రీజర్ గోడ దాకా వెళ్తుంది. గొట్టంలోని వాయువు వేడికి వ్యాకోచించి లోపలి స్విచ్‌ను నొక్కుతుంది, చల్లబడితే వదిలేస్తుంది. కరెంటు నేరుగా ఆ స్విచ్ గుండా కంప్రెసర్‌కు పోతుంది. ఇలాంటి ఫ్రిజ్‌లో సెన్సర్ అనే వస్తువే లేదు. దీన్ని చూసి ఎవరైనా "సెన్సర్ పోయింది" అంటే ఆ మాటను కాస్త అనుమానించాల్సిందే.

సెన్సర్లు ఉండేది కార్డు ఉన్న ఫ్రిజ్‌లలో, ముఖ్యంగా మంచు పేరుకోని రెండు తలుపుల మోడళ్లలో. చింతగింజంత తెల్లటి ప్లాస్టిక్ తొడుగు, దాన్నుంచి రెండు సన్న తీగలు, లోపల వేడిని బట్టి నిరోధం మారే, చిన్న పూసలాంటి థర్మిస్టర్. సాధారణంగా ఒకటి కింది అరలో, గాలి వచ్చే జాలీ వెనక ఉంటుంది. ఒకటి ఫ్రీజర్‌లో ఉంటుంది. మూడోది ఫ్రీజర్ వెనక పలక లోపల, చల్లబరిచే అల్యూమినియం గొట్టానికి క్లిప్పుతో బిగించి ఉంటుంది. దాన్ని డీఫ్రాస్ట్ సెన్సర్ అంటారు. మంచు కరిగించే హీటరును ఎప్పుడు ఆపాలో కార్డుకు చెప్పేది అదే. కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చుకునే కొన్ని ఇన్వర్టర్ మోడళ్లలో గది వేడిని చూసే నాలుగోది కూడా ఉంటుంది.

చలికి పెరిగే అంకె

ఫ్రిజ్‌లలో వాడేది ఎన్‌టీసీ రకం. వేడెక్కితే దాని నిరోధం తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. "దస్ కే" అని మెకానిక్‌లు పిలిచే సెన్సర్ 25 డిగ్రీల దగ్గర 10 కిలోఓములు చూపిస్తుంది. 5కె, 2.7కె రకాలు కూడా మార్కెట్లో ఉన్నాయి. 10కె రకంలో బీటా విలువ (వేడిని బట్టి నిరోధం ఎంత జోరుగా మారుతుందో చెప్పే అంకె) 3950 ఉన్నదాన్ని తీసుకుని లెక్కగడితే ఇలా వస్తుంది:

మైనస్ 18 డిగ్రీలు: సుమారు 93కె
0 డిగ్రీలు: సుమారు 33కె
4 డిగ్రీలు: సుమారు 27కె
25 డిగ్రీలు: 10కె
35 డిగ్రీలు: సుమారు 6.5కె
44 డిగ్రీలు: సుమారు 4.5కె

కంపెనీల అసలు పట్టికలు దీనికి కొద్దిగా అటూ ఇటూ ఉంటాయి. చలి పెరిగేకొద్దీ ఆ తేడా కాస్త పెరుగుతుంది.

కార్డుకు ఓములు తెలియవు. అది చూసేది వోల్టేజీని. చాలా కార్డుల్లో 5 వోల్టుల సరఫరా ఒక స్థిర నిరోధం గుండా సెన్సర్‌కు వస్తుంది. ఆ రెండూ కలిసే చోట వోల్టేజీని కార్డు కొలుస్తుంది. స్థిర నిరోధం 10కె అనుకుందాం. గదిలో 25 డిగ్రీల దగ్గర 2.5 వోల్టులు కనిపిస్తాయి. ఫ్రిజ్ 4 డిగ్రీలకు దిగితే అది 3.65 దాకా పెరుగుతుంది. తీగ తెగితే 5 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది, రెండు తీగలూ కలిసిపోతే సున్నాకు పడిపోతుంది. ఈ చివరి రెండింటినీ కార్డు లోపమని గుర్తుపట్టి డిస్‌ప్లే మీద కోడ్ చూపిస్తుంది, లేదా లైటు మెరిపిస్తుంది. మధ్యలో ఉన్న ఏ వోల్టేజీనైనా నమ్మేస్తుంది. తిప్పలన్నీ ఆ నమ్మకంతోనే.

44 డిగ్రీల వంటింట్లో మీటరు చేసే మోసం

దేశంలో మరీ ఎండలు కాసే ఊళ్లలో చంద్రపూర్ ఒకటి. మే నెలలో రేకుల ఇంటి వంటగదిలో ఊడదీసిన సెన్సర్‌కు మీటరు పెడితే నాలుగున్నర, అయిదు కిలోఓములు చూపిస్తుంది. మెకానిక్ మనసులో ఉన్నది పది. "సగం పడిపోయింది, మార్చాలి" అంటాడు. కానీ పై పట్టిక చూడండి: ఆ వేడికి రావాల్సిన అంకె అదే. సెన్సర్ నిక్షేపంగా ఉంది. ఇక్కడే ఇంకో ప్రమాదం పొంచి ఉంది. అయిదు చూపిస్తోంది కదా అని దీన్ని 5కె రకంగా అనుకుని 5కె కొనుక్కొస్తే, అప్పటిదాకా లేని రోగం కొత్తగా మొదలవుతుంది.

రెండో మోసం మీటరు రేంజిలో ఉంది. మామూలు డిజిటల్ మీటరును 20కె మీద పెట్టి చల్లటి సెన్సర్‌ను కొలిస్తే తెర మీద ఎడమవైపు ఒంటరిగా "1" అని పడుతుంది. తీగ తెగిందని కాదు దాని అర్థం, అంకె 20కె దాటిందని. 0 డిగ్రీల దగ్గర 33కె ఉండాల్సిన సెన్సర్ 20కె రేంజిలో ఎప్పుడూ తెగినట్టే కనిపిస్తుంది. 200కె మీద పెడితే అసలు అంకె బయటపడుతుంది.

మూడోది చేతులు. రెండు ప్రోబుల మొనలనూ వేళ్లతో అదిమి పట్టుకుంటే శరీరం కూడా ఒక నిరోధంలా సెన్సర్‌కు సమాంతరంగా చేరుతుంది. కొలిచేది కొద్ది ఓములైతే ఫరవాలేదు. 33కె, 93కె కొలిచేటప్పుడు చెమటపట్టిన వేళ్లు అంకెను బాగా కిందికి లాగేస్తాయి. ఒక్క చెయ్యైనా లోహానికి దూరంగా ఉండాలి. సెన్సర్ కనెక్టరును కార్డు నుంచి పీకకుండా కొలవడం కూడా ఇలాంటి తప్పే. అప్పుడు మీటరు చూపేది కార్డునూ సెన్సర్‌నూ కలిపిన అంకె.

ఐసు గ్లాసు: అందరి దగ్గరా ఉన్న కొలబద్ద

గది వేడి ఎంతో తెలియకపోయినా ఒక వేడి మాత్రం అందరికీ ఖాయంగా తెలుసు. ఐసు, నీళ్లు కలిసి ఉన్న చోట 0 డిగ్రీలు. స్టీలు గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, ఐసు ముక్కల సందులు నిండేంతే నీళ్లు పోసి, బాగా కలిపి సెన్సర్ మొనను మధ్యలో ఉంచితే అయిదు నిమిషాల్లో అంకె నిలబడుతుంది. నీళ్లు ఎక్కువై ఐసు పైన తేలుతుంటే గ్లాసు అడుగున వేడి రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది, అంకె తగ్గుతుంది. తీగల అతుకు నీళ్లలో మునగకూడదు.

10కె సెన్సర్ అయితే ఇక్కడ 27 నుంచి 34కె మధ్య ఎక్కడో ఆగాలి. 5కె అయితే 13 నుంచి 17 మధ్య. అంటే 25 డిగ్రీల అంకెకు దాదాపు మూడింతలు. ఏ రకమో తెలియకపోయినా ఈ మూడింతల లెక్క పనికొస్తుంది. ఆ తర్వాత సెన్సర్‌ను బయటకు తీసి అలా వదిలేసి మీటరు చూడాలి. గదిలో వేడెక్కేకొద్దీ అంకె జారుడుబండ మీద జారినట్టు నున్నగా దిగాలి. మధ్యలో ఎక్కడైనా టక్కున ఎగిరినా, తీగను కదిపితే మారినా లోపల పగులో, సగం తెగిన తీగో ఉందన్నమాట. రెండు తీగలకూ ప్లస్ మైనస్ అంటూ లేదు, ఎటు పెట్టి కొలిచినా ఒకటే.

చచ్చిన సెన్సర్ నయం, అబద్ధమాడే సెన్సర్‌తోనే ఇబ్బంది

పూర్తిగా పోయిన సెన్సర్‌ను కార్డే పట్టుకుంటుంది. చాలా మోడళ్లలో కోడ్ వేసి, కంప్రెసర్‌ను గడియారం లెక్కన ఇన్ని నిమిషాలు ఆన్, ఇన్ని నిమిషాలు ఆఫ్ అని నడిపిస్తూ రోజులు నెట్టుకొస్తుంది. అంకె పక్కకు జరిగిన సెన్సర్‌కు కోడే రాదు. "కోడ్ రాలేదు కాబట్టి సెన్సర్ బాగున్నట్టే" అనే మాట అందుకే నిలవదు.

అంకె ఎలా జరుగుతుంది? సాధారణంగా తేమ వల్ల. తొడుగు చీలికలోకో, తీగల అతుకులోకో నీరు చేరితే రెండు తీగల మధ్య కరెంటు దొంగదారి పడుతుంది. ఆ దారి నిరోధం 100కె అనుకుందాం. కింది అర సెన్సర్ 4 డిగ్రీల దగ్గర 27కె ఉండాలి. దానికి 100కె సమాంతరంగా చేరితే 21కె అవుతుంది. కార్డుకు అది దాదాపు 9 డిగ్రీలు. "ఇంకా చల్లబడలేదు" అని చల్లబరుస్తూనే పోతుంది. కార్డు దృష్టిలో 4 డిగ్రీలు వచ్చేసరికి అసలు అర మైనస్ 2 దగ్గర ఉంటుంది. పెరుగు మీద ఐసు పొర, టమాటా రాయిలా బిగుసుకోవడం ఇలాగే.

అదే 100కె తేమ ఫ్రీజర్ సెన్సర్‌లో ఉంటే వ్యవహారం ముదురుతుంది. మైనస్ 18 దగ్గర అది 93కె చూపాలి. 100కె పక్కన చేరాక 48కె చూపిస్తుంది, కార్డుకు దాదాపు మైనస్ 7. ఎంత చల్లబడినా మొత్తం నిరోధం 100కె దాటదు కాబట్టి కార్డు అడిగే 93కె రావాలంటే సెన్సర్ ఒక్కటే 1300కె దాటాలి. ఇంటి ఫ్రిజ్‌లో అంత చలి రాదు. కంప్రెసర్ రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. ఒకే తేమ కింద చిన్న తప్పు, పైన పెద్ద తప్పు ఎందుకవుతుందో ఈ లెక్కలోనే ఉంది.

దీనికి ఎదురు దిక్కున తుప్పు ఉంది. కనెక్టర్ పిన్నుకు పచ్చగా చిలుము పట్టి 5కె నిరోధం వరుసగా చేరిందనుకోండి. సెన్సర్ 22కె దగ్గర, అంటే 8 డిగ్రీల దగ్గర ఉండగానే కార్డుకు 27కె కనిపిస్తుంది. "చాలు" అని ఆపేస్తుంది. పాలు సాయంత్రానికి పులుపెక్కుతాయి. ఈ కేసులో సెన్సర్ మార్చనక్కర్లేదు. పిన్ను శుభ్రం చేస్తే సరిపోతుంది.

గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఇంతే: అంకె తగ్గితే కార్డు వేడనుకుని ఎక్కువ చల్లబరుస్తుంది, అంకె పెరిగితే చల్లననుకుని తక్కువ చల్లబరుస్తుంది.

సెన్సర్‌లా కనిపించే వేరే జబ్బులు

ఈ సూత్రంతో సగం అనుమానాలు మీటరు లేకుండానే తీరిపోతాయి. లోపల వేడిగా ఉండి కంప్రెసర్ మాత్రం జోరుగా తిరుగుతోందా? అయితే కార్డుకు వేడి సంగతి తెలిసింది, చల్లబరచమని చెప్పింది. సెన్సర్ తన పని చేసింది. తప్పు గ్యాస్‌లోనో, ఫ్యానులోనో, మంచు అడ్డులోనో ఉంది. లోపల వేడిగా ఉన్నా కంప్రెసర్ ఆగిపోయి ఉంటే, అప్పుడు సెన్సర్, కార్డు, వోల్టేజీ అనుమానితుల జాబితాలోకి వస్తాయి.

కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు ఫ్రిజ్ పక్క గోడల మీద చెయ్యి పెట్టి చూడటం పాత చిట్కా. కొత్త మోడళ్లలో వేడిని బయటికి వదిలే గొట్టాలు ఆ గోడల్లోనే ఉంటాయి. అరగంట తిరిగాక కూడా అవి గోరువెచ్చగా లేకపోతే అనుమానం గ్యాస్ మీదికో, కంప్రెసర్ మీదికో మళ్లుతుంది. వెనక పలక విప్పినప్పుడు గొట్టాల మీద మంచు మొదట్లో కొద్ది భాగానికే పట్టి మిగతాదంతా పొడిగా ఉంటే, అది గ్యాస్ తగ్గిందనడానికి మంచి గుర్తు.

ఫ్రీజర్ బాగుండి కింది అర మాత్రమే వేడిగా ఉంటే వెనక పలక లోపల మంచు గోడ కట్టి గాలికి అడ్డం పడి ఉండవచ్చు. ఫ్రిజ్‌ను ఒక రోజంతా తలుపులు తీసి ఆపేసి, మళ్లీ పెడితే నాలుగు రోజులు బాగా పనిచేసి మళ్లీ మొరాయిస్తే దాదాపు ఇదే. కారణం హీటరు కావచ్చు, 70 డిగ్రీల పైచిలుకు దగ్గర కరిగిపోయే థర్మల్ ఫ్యూజ్ కావచ్చు, డీఫ్రాస్ట్ సెన్సర్ కావచ్చు. ఆ సెన్సర్ ఉన్నదానికన్నా వేడి చూపిస్తే మంచు పూర్తిగా కరగకముందే కార్డు హీటరును ఆపేస్తుంది. సెన్సర్ బాగానే ఉండి క్లిప్పు ఊడి వేలాడుతున్నా అదే జరుగుతుంది. ఈ మంచును కత్తితో పొడవడం మాత్రం మహా పాపం. గొట్టానికి చిల్లు పడితే గ్యాస్ మొత్తం పోతుంది. కొత్త ఫ్రిజ్‌లలో ఉండే ఆర్600ఎ గ్యాస్ మండే స్వభావం ఉన్నది కూడా.

ఏ తప్పూ లేకుండా ఆగకుండా తిరిగే ఫ్రిజ్‌లు కూడా ఉన్నాయి. ఇన్వర్టర్ కంప్రెసర్ నెమ్మది వేగంతో గంటల తరబడి తిరగడం దాని స్వభావం. దానికితోడు ఎండ. ఫ్రిజ్‌లను వాతావరణ తరగతులుగా విడగొడతారు. అన్నిటికన్నా వేడి ప్రాంతాల కోసం ఉన్న టి (ట్రాపికల్) తరగతికి పై హద్దు 43 డిగ్రీలు, దాని కిందిదైన ఎస్‌టి (సబ్‌ట్రాపికల్) తరగతికి 38. బయట 45, 46 ఉన్న మధ్యాహ్నం, గోడకు ఆనించి పెట్టిన ఫ్రిజ్ ఆగకుండా తిరిగితే దాని తప్పేం లేదు. రాత్రి రెండు గంటలకు ఎలా ఉందో చూసి తీర్పు చెప్పాలి. ఇంకో చిన్న సంగతి: గాలి జాలీకి అడ్డంగా కొత్తిమీర సంచి కుక్కి పెడితే, బాగున్న సెన్సర్ కూడా ఆ సంచి వేడినే ఫ్రిజ్ వేడిగా చెబుతుంది.

"మార్చేస్తే పోలా" అనేవాళ్లు, "కొలిచి చూడు" అనేవాళ్లు

మెకానిక్‌లలో ఒక వర్గం సెన్సర్‌ను కొలవడానికి సమయం వృథా చేయదు. దాని ధర కొన్ని వందల రూపాయలు, మళ్లీ రావాలంటే పెట్రోలు ఖర్చే అంత. అనుమానం ఉంటే కొత్తది వేసేయడమే లాభం అంటారు. సెన్సర్ కనెక్టరుతో సహా సులువుగా ఊడొచ్చే చోట ఈ వాదనలో పస ఉంది. డీఫ్రాస్ట్ సెన్సర్ విషయంలోనైతే ఇంకా ఉంది. పలక విప్పి, మంచు కరిగించి అంత దూరం వెళ్లాక పాతదాన్నే మళ్లీ బిగించడం ఎవరికీ మనసొప్పదు.

కొలిచి చూడమనే వాళ్ల వాదన వేరు. మార్చాక కూడా జబ్బు తగ్గకపోతే తర్వాత అనుమానం కార్డు మీద పడుతుంది, దాని ధర వేలల్లో. సెన్సర్ నిర్దోషి అని ముందే తేలితే ఆ మెట్టు జాగ్రత్తగా ఎక్కవచ్చు. ఇందుకు వీళ్లు వాడే ఉపాయం ఒకటి చవకైనది. ఫ్రిజ్ ప్లగ్ తీసి, 10కె ఫ్రీజర్ సెన్సర్ బదులు దాని కనెక్టరులో 150కె రెసిస్టర్ పెట్టి మళ్లీ ఆన్ చేస్తారు. కార్డుకు అది మైనస్ 26 చుట్టుపక్కల వేడి. అంత చలి చాలు కాబట్టి కంప్రెసర్ ఆగే ఉండాలి. మళ్లీ ప్లగ్ తీసి 10కె రెసిస్టర్ పెడితే కార్డుకు 25 డిగ్రీలు కనిపిస్తాయి. కొన్ని నిమిషాల ఆలస్యం తర్వాత కంప్రెసర్ మొదలవ్వాలి. రెండుసార్లూ మాట విన్న కార్డు బాగున్నట్టే. 150కె పెట్టినా తిరుగుతూనే ఉంటే సెన్సర్‌ను నిందించి లాభం లేదు. రెండు రూపాయల వస్తువుతో వేల రూపాయల ప్రశ్నకు జవాబు దొరికే చోట, కొలిచేవాళ్ల వైపే మొగ్గు ఎక్కువ.

"దస్ కే" అని అడిగితే ఏది చేతికొస్తుంది

విడిభాగాల దుకాణంలో 10కె అంటే ఇచ్చేవి కనీసం రెండు రకాలుంటాయి: బీటా 3950, బీటా 3435. 25 డిగ్రీల దగ్గర రెండూ పదే. చలిలో దారులు వేరవుతాయి. 3950కి తయారైన కార్డుకు 3435 సెన్సర్ తగిలిస్తే, కార్డు 4 డిగ్రీలు అనుకునేసరికి అర 1 డిగ్రీ దగ్గర ఉంటుంది. ఫ్రీజర్ మైనస్ 18 బదులు మైనస్ 23 దాకా పోతుంది. దుకాణంలో మీటరు పెట్టి "చూడు, పదే ఉంది" అని చూపించడం ఇక్కడ రుజువు కాదు. ఐసు గ్లాసులో పెడితే ఒకటి 33 వైపు, ఇంకోటి 28 వైపు నిలబడి తేడా బయటపడుతుంది. 10కె బదులు 5కె తగిలిస్తే కింది అరే మైనస్ 9కి దిగుతుంది. పాత సెన్సర్‌ను, ఫ్రిజ్ లోపల అంటించిన మోడల్ నంబరు ఫొటోను వెంట తీసుకెళ్లడానికి కారణం ఇదే.

ఇక అతుకు. కనెక్టరు సరిపోక తీగలు కోసి, మెలిపెట్టి, నల్లటేపు చుట్టి వదిలేయడం చాలాచోట్ల కనిపిస్తుంది. మే నెలలో అది బాగానే ఉంటుంది. జులైలో వానలు మొదలై, తలుపు తీసిన ప్రతిసారీ తడిగాలి లోపలికి పోయి ఆ టేపు కింద నీరై నిలుస్తుంది. అంటే పైన లెక్కగట్టిన 100కె దొంగదారిని మనమే వేసినట్టు. రెండు తీగల అతుకులనూ ఒకే చోట కాకుండా అంగుళం ఎడంగా పెట్టి, టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, చివరలు సిలికాన్‌తో మూస్తే నీటికి దారి ఉండదు.

బిగించాక వెంటనే డిస్‌ప్లే చూసి సంతోషపడితే లాభం లేదు. అది సెన్సర్ మాటనే తిరిగి చెబుతుంది. మధ్య అరలో గ్లాసుడు నీళ్లు పెట్టి, అందులో మామూలు థర్మామీటరు ఉంచి, మర్నాడు పొద్దున తలుపు తీసిన వెంటనే చూడాలి. జ్వరం చూసేది దీనికి పనికిరాదు. గాలి వేడి తలుపు తీయగానే మారిపోతుంది, నీళ్ల వేడి అంత తొందరగా మారదు. 3 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంటే కొత్త సెన్సర్ నిజమే చెబుతోంది. 1 డిగ్రీ ఉంటే దుకాణం వాడు 3435 చేతిలో పెట్టి ఉంటాడు.